పసుపు అంటని మూల

ఆ శనివారం తెల్లవారేసరికే వెంకటనర్సమ్మ ముందర పనులు బారు కట్టి నిలబడ్డాయి.

మిగిలిన పద్దెనిమిది కార్డులకు మూలలు కొట్టాలి.

ఎర్ర అట్టలోంచి పద్దెనిమిది మొగ్గలు తియ్యాలి.

మైదా గంజి కాచాలి. అందులో చిటికెడు మైలుతుత్తం కలపడం మరిచిపోవద్దు. మరిస్తే బొద్దింకలు కార్డుల మీద విందు చేసుకుంటాయి.

మొగ్గ అచ్చు మొద్దుబారింది. కాటమయ్య మామ నిన్ననే పదునుకు తీసుకపోయాడు, పగటికల్లా తెస్తానన్నాడు. అది వచ్చేదాకా మూలల పనితోనే నెట్టుకు రావాలి.

ఆయన తిండికి వచ్చేసరికి జొన్నరొట్టెలు కాలాలి, చింతకాయ తొక్కు నూరాలి.

దీపాలు పెట్టకముందే అరవై కార్డులూ ఇంజనీరమ్మ చేతిలో ఉండాలి.

ఇవన్నీ చేతులతో అయ్యే పనులు. నోటితో చేయవలసిన పని ఇంకొకటి ఉంది. అది ఎనిమిది రోజుల నుంచీ రేపు, రేపు అని వెనక్కి జరుగుతూ వస్తోంది. మొగుడికి ఒక మాట చెప్పాలి.

పోయినవారం మనం నర్సమ్మను నందికొండ పోస్టు డబ్బా ముందర నిలబెట్టి వచ్చాం. చేతిలో ఒక్క కార్డు, వేయాలా వద్దా అన్న గుంజాటన. చివరికి వేసింది. ఆ కార్డు ఎవరికో, ఎందుకో, కొత్తగా కథ అందుకున్నవారి కోసం రెండు ముక్కల్లో చెప్పుకుందాం.

ఆమె భర్త సిద్దిరాములు డ్యాము పనిలో, మిషన్ల షెడ్డులో ఫిట్టరు. పుట్టింది మాత్రం దేవరకొండ అవతలి పల్లెలో, మగ్గం చప్పుడు మధ్య. ఎనిమిదేండ్ల వయసులో తల్లీ తండ్రీ ఒకే ఏడు పోతే, అన్న గండయ్య, వదిన మల్లమ్మ వాణ్ని కడుపున పుట్టినవాడిలా సాకారు. ఆ సిద్దిరాములు రెండేండ్ల కిందట, మగ్గం మీద పడుగు సగం నేసి ఉండగానే, కూలి గిట్టుబాటు కాదని లేచి నందికొండకు బయలుదేరాడు. గండయ్య ఏడవలేదు, తిట్టలేదు. ఆ సగం నేసిన పడుగు మీద ఒక దుప్పటి కప్పి, "నీ చెయ్యి పడేదాక దీన్ని ఎవరూ ముట్టరు. నువ్వు ముట్టేదాక నాతోని మాట్లాడకు" అన్నాడు. అంతే. రెండేండ్లుగా అన్నదమ్ముల మధ్య మాట లేదు, ఉత్తరం లేదు. తాను వచ్చిన నెలకే అన్న ఆ పడుగును నేసి అమ్మేసి ఉంటాడని సిద్దిరాములు అనుకుంటున్నాడు. దుప్పటి ఇంకా అట్లాగే ఉందని నర్సమ్మకు తెలుసు. పోయిన ఎండాకాలం దేవరకొండ అంగడిలో యారాలు మల్లమ్మ కనిపించి చెప్పింది.

అందుకే నర్సమ్మ, తాను చేసిన కార్డులన్నిటిలోకీ అందమైనదాన్ని ఏరి, మొగుడి పేరున నాలుగు మాటలు రాసి, ఆయనకు చెప్పకుండా అన్నగారికి పంపింది. ఆ మాటే ఇంకా నోటి నుంచి ఊడిపడటం లేదు.

ఇక కార్డుల సంగతి. ఇంజనీరమ్మకు పట్నం నుంచి ఎవరో కొత్త సంవత్సరం కార్డు పంపారు. పైన పసుపు అట్ట. దాని కుడివైపు పై మూల పువ్వు రెక్కలాగా కోసి ఉంది. ఆ కోసిన చోట లోపలి ఎర్ర మొగ్గ తొంగి చూస్తుంది. "ఇట్లాంటివే అరవై చేయగలవా?" అని ఆమె అడిగితే, నర్సమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చులుంటే చేస్తనమ్మా" అంది. అచ్చులు కాటమయ్య చేశాడు. ఆయన షెడ్డులో కమ్మరి. అరిగిపోయిన రంపపు పట్టీని కొలిమిలో కాల్చి, వంచి, ఇనుప బిళ్లకు అతికాడు. ఒకటి మూలకు, ఒకటి మొగ్గకు. చింతమొద్దు మీద అట్ట పెట్టి, అట్ట మీద అచ్చు పెట్టి, కొయ్యసుత్తెతో ఒక్క దెబ్బ కొడితే చాలు. టక్కుమని మూల తెగి కింద పడుతుంది. గంజి నర్సమ్మకు కొత్త కాదు. పడుగుకు గంజి పట్టించిన చెయ్యి అది. కుంచెతో ఒక్క గీత గీసిందంటే ఎక్కడా ఉండ కట్టదు, ఎక్కడా తడి కారదు.

నలభైరెండు కార్డులు మంచం మీద పరిచి ఆరబెట్టి ఉన్నాయి. నర్సమ్మ నలభైమూడోదాన్ని మొద్దు మీద పెట్టింది.

టక్. టక్. టక్.

ఈ చప్పుడులో ఆమెకు ముందు ఏమీ వినిపించలేదు. సుత్తె దించి నుదుటి చెమట తుడుచుకున్నప్పుడు వినిపించింది. వీధి చివరి నుంచి ఏడుపు. మామూలు ఏడుపు కాదు. పేరు పెట్టి, గుణం చెప్పి, సాగదీసి ఏడ్చే ఏడుపు.

"ఓ నా సిద్దిరాములూ... నా చేతుల పెరిగిన నా మరిదీ... ఎనిమిదేండ్ల పోరని నా కొంగుకు కట్టి పోతిరి గదా మీ అవ్వా నాయినా... ఇయ్యాల వాళ్లకు నేనేం జవాబు చెప్పుదురా కొడుకా..."

ఆ గొంతు నర్సమ్మకు తెలుసు. ఆ పేరు ఇంకా బాగా తెలుసు. రెండూ కలిపి వినేసరికి ఆమె ఉన్నపళాన లేచి గడప దాటి బయటికి వచ్చింది.

వాకిట్లోకి మల్లమ్మ వచ్చింది. కొప్పు ఊడి వీపు మీద పడింది. వెనకాల ఆమె తమ్ముడు పర్వతాలు, తువ్వాలు నోట్లో కుక్కుకొని. ఇరుగుపొరుగు క్వార్టర్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చారు.

"అక్కా!"

మల్లమ్మ ఆమె రెండు ముంజేతులూ పట్టుకుంది. గాజులు చూసింది. నుదుటి బొట్టు చూసింది. చూసి, ఇంకా పెద్దగా ఏడ్చింది.

"ఇంక తియ్యనన్న తియ్యలేదాయెనే చెల్లే! నీకు ఇక్కడ ఎవ్వరు లేకపోయిరా? ఒక్కదానివే ఎట్ల ఏగినవే తల్లీ!"

"ఏమైందక్కా? ఎవరికేమైంది?"

"నన్నడుగుతున్నవా? నాకేం తెలుసే, నువ్వే చెప్పాలె. ఏడ వెట్టిండ్రు వాణ్ని? ఆఖరి సూపన్న దక్కుతదా మాకు?"

పొద్దున ఆరింటికి గంజి తాగి, సైకిలు ఎక్కి, "తొక్కుల ఉప్పు తక్కువెయ్యకు" అని చెప్పి పోయిన మనిషి. పనిచోట ఏదైనా జరిగితే సైరను కూత మూడుసార్లు వేస్తారు. వేశారా? వేస్తే తనకు వినిపించిందా? ఇంతసేపూ ఈ కొయ్యసుత్తె చప్పుడే చెవుల నిండా. ఊరి నుంచి వీళ్లు ఏడుస్తూ వచ్చారంటే, ఇక్కడున్న తనకు తప్ప లోకమంతటికీ తెలిసిందన్న మాట.

ఆమె మల్లమ్మ చేతులు విడిపించుకొని పరుగెత్తింది. కాళ్లకు చెప్పులు లేవు. చేతిలో కొయ్యసుత్తె ఉన్న సంగతి ఆమెకు తెలియదు.

నీళ్ల ట్యాంకు మలుపు దగ్గర ఎదురుగా సైకిలు వస్తోంది. తొక్కుతున్నది సిద్దిరాములు. వెనక క్యారేజీ మీద కాటమయ్య, ఒళ్లో గుడ్డలో చుట్టిన అచ్చు.

నర్సమ్మ సైకిలుకు అడ్డం పడి హ్యాండిలు పట్టుకుంది. మొగుడి ముఖం చూసింది. భుజం ముట్టింది. చెంప ముట్టింది.

"నువ్వేనా?"

"నేను గాకపోతే ఇంకెవ్వరే? ఏమైంది నీకు?"

"బిడ్డా, ఆ సుత్తె జర కింద పెట్టి మాట్లాడు" అన్నాడు కాటమయ్య దిగుతూ. "తొక్కుల ఉప్పు గురించి ఇంత కోపమా అని మావోడు గజగజ వణుకుతుండు."

నవ్వడానికి అక్కడ ఎవరికీ సమయం దొరకలేదు. నర్సమ్మ వెనకే పరుగున వచ్చిన మల్లమ్మ, పది అడుగుల దూరంలో ఆగిపోయింది. ఏడుపు గొంతులోనే తెగింది. చెయ్యి చాపి తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"పర్వతాలూ... వాని కాళ్లు సూడురా. ముందటికున్నయా, ఎనక్కున్నయా?"

పర్వతాలు తువ్వాలు నోట్లోంచి తీసి, కిందికి వంగి, నిదానంగా చూశాడు.

"ముందటికే ఉన్నయక్కా. చెప్పులు గూడ తొడిగిండు. దయ్యాలకు చెప్పులేడియక్కా?"

అప్పుడు మల్లమ్మ కదిలింది. వచ్చి, రెండు చేతులతో మరిదిని వీపు మీద, భుజాల మీద, ఎక్కడ అందితే అక్కడ కొట్టింది. కొట్టీ కొట్టీ అలిసిపోయి, వాడి తల తన భుజానికి ఆనించుకొని, అట్లాగే నిలబడింది. సిద్దిరాములుకు ఏమీ అర్థం కాలేదు. ఎందుకు కొడుతున్నావని మాత్రం అడగలేదు. రెండేండ్ల తర్వాత వదిన చెయ్యి ఒంటి మీద పడింది, ఆ మాత్రం చాలనుకున్నాడేమో.

"నేను సచ్చిపోయిన్నని ఎవరు చెప్పిండ్రు వదినా?"

"కార్డొచ్చింది గదరా!"

"ఎవరేసిండ్రు?"

మల్లమ్మ నర్సమ్మ వైపు చూసింది. సిద్దిరాములూ చూశాడు. నర్సమ్మ తల దించుకుంది. "నేనే ఏసిన" అంది. "నీ పేరు మీద. నీకు చెప్పకుంట. కాని మంచి మాటలే రాసిన, ఒట్టు. కొత్త సంవత్సరం మాటలే."

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం పాండ్రి, నడితొవ్వల ఎందుకు" అని కాటమయ్య అందరినీ తోలుకొచ్చాడు.

ముందు నడిచింది మల్లమ్మే. గడప దాటబోయి, పైకెత్తిన కాలు మళ్లీ బయటికి తీసుకుంది. మంచం మీద పరిచిన నలభైరెండు పసుపు కార్డులను చూసింది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మూల లేదు.

"ఓ అవ్వా..." ఆమె గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "ఇంతమంది పోయిండ్రానే?"

మిగతావాళ్లు ఆమెను దాటి లోపలికి వచ్చారు.

నర్సమ్మ కళ్లు మంచం మీదే నిలిచిపోయాయి. పది దినాలుగా ఆ మూలలను తన చేత్తోనే కొట్టింది. తెగిపడ్డ ముక్కలను చీపురుతో ఊడ్చి పొయ్యిలో వేసింది. ఇంజనీరమ్మ ఇంట్లో ఆ కోసిన మూల షోకు. తన ఊళ్లో, తన కులంలో, తన ఇంట్లో అది ఏమిటో ఆమెకు తెలియక కాదు. చావు కబురు మోసుకొచ్చే కార్డుకు మూల చింపి పంపుతారు. అట్లాంటి కార్డును గడప దాటించరు. తెచ్చినవాడు గుమ్మం ఎక్కడు. ఈ సంగతులన్నీ తనకు నాలుగేండ్ల వయసు నుంచీ తెలుసు. తెలిసీ, అరవై కార్డుల లెక్కలో పడి, చేతి ఒడుపులో పడి, మనసు దాని దగ్గరికి పోనేలేదు.

అప్పుడొకటి గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఆమె తన కుడిచేతి చూపుడువేలును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

ఆ కార్డు పోస్టు చేసేముందు, శుభం రాసిన కార్డు కదా అని, నాలుగు మూలలకు పసుపు పెట్టబోయింది. ఒక మూలకు పెట్టింది. రెండో మూలకు పెట్టింది. మూడోదానికీ పెట్టింది. నాలుగో మూలకు వేలు చాపితే అక్కడ అట్ట లేదు. వేలు గాలిలోకి పోయింది. "సర్లే" అనుకొని, మిగిలిన పసుపును చీర కొంగుకు తుడిచేసుకుంది. ఆ మరక ఇప్పటికీ కొంగుకు ఉంది. వేలు చెప్పిన మాటను ఆనాడు తను వినలేదు.

పెట్టిన ఆ మూడు మూలల పసుపన్నా కనిపించేదేమో. అట్టే పసుపుపచ్చది. దాని మీద ఇది ఎవరికి కనిపిస్తుంది?

"టపాయన గడప ఎక్కలేదంట, అక్క చెప్పింది" అన్నాడు పర్వతాలు. "సూరుల గుచ్చి, 'నందికొండ నుంచి' అన్నడు. మొకం తిప్పుకొని పోయిండు. గండయ్య బావ తీసి చూసిండు. పైన మూల తెగి ఉన్నది, అండ్లకెల్లి ఎర్రగ నెత్తుటి చుక్క లెక్క కనవడుతున్నది."

"అది మొగ్గ" అంది నర్సమ్మ.

"చదివియ్యకపోయిండ్రా ఎవరితోనన్న?" అని అడిగాడు సిద్దిరాములు.

"మూల తెగిన కార్డును చదివిచ్చుకుంటరారా ఎవరన్న?" మల్లమ్మ కసిరింది. "ఊరి పేరు తెలిసినంక ఇంక చదివేదేముంటది? ఆ ఊర్ల మనకున్నది నువ్వొక్కనివే గదా. మీ అన్న నిలువుకాళ్ల మీదనే నాలుగు ముక్కలు జేసి మోరిల ఏసిండు. ఏమే నర్సా, ఏం రాసినవే అండ్ల?"

నర్సమ్మ గోడ వైపు చూస్తూ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"అన్నకు, వదినకు దండాలు. కొత్త సంవత్సరం మీకు మేలు జరగాలె. ఉగాదికి నేను వస్తున్న. మగ్గం మీది దుప్పటి తీసి పెట్టండ్రి. సగం మిగిలింది నేను నేస్త."

సిద్దిరాములు తల ఎత్తాడు. "దుప్పటా? గా పడుగు ఇంకా ఉన్నదా?"

"ఉండె" అంది మల్లమ్మ. "రెండేండ్లు ఉండె. దీపావళికి దులిపి మళ్ల కప్పిండు. పక్క మగ్గం మీద కూసొని నేసుకుంటనే దానిదిక్కు చూసెటోడు. నా పోరగాడు వస్తడు, వానిదే చెయ్యి అనెటోడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొన్న బేస్తారం కార్డు చింపి లోపలికొచ్చిండు. దుప్పటి తీసిండు. నీ పెండ్లాం రాసినట్టే తీసిండురా, చదవకున్నా. తీసి, కత్తితోని పడుగు అడ్డంగ కోసిండు. ఒక్కొక్క పోగు తెగుతుంటె నాకు..."

ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. నేతగాళ్ల ఇంట పుట్టినవారికి అది పూర్తి చేయనవసరమూ లేదు. మగ్గం మీది పడుగును కత్తితో కోయడం ఒక్కసారే జరుగుతుంది. నేసే మనిషి ఇక రాడని తేలినప్పుడు.

సిద్దిరాములు మంచం పట్టె మీద కూర్చున్నాడు. కింద రెండు కార్డులు నలిగాయి. చూసుకోలేదు.

"నేను రాసేది ఉండె" అన్నాడు చివరికి. "రెండేండ్ల నుంచి నేనే రాసేది ఉండె. తప్పు నీది గాదు నర్సా." తర్వాత చుట్టూ చూశాడు. "మరి అన్న ఏడి వదినా? ఎనక వస్తుండా?"

మల్లమ్మ ముఖం మారిపోయింది.

"ఎనకేంది? ముందుగాల్నే బయలెల్లిండు గదరా. నేను సోయి తప్పి పడుంటి, పర్వతాలు మా ఊరి నుంచి రావాలె, బస్సు దొరకాలె. ఆయన ఆగలే. బేస్తారం పగటికే, కాలినడకన, గుట్టల తొవ్వ పట్టిండు. ఇప్పటికి ఇక్కడ ఉండాలె. రాలేదా మీ ఇంటికి?"

"రాలే" అంది నర్సమ్మ.

"రాకపాయెనా? నా తమ్మున్ని ఏ నీళ్లకాడ కలిపిండ్రో ఆడికే పోయి, వాని నూలు వానికే ఇచ్చి వస్త అన్నడు. కోసిన పడుగంత చుట్టజుట్టి భుజాన ఏసుకున్నడు. ఇంటి తొవ్వ తెల్వదు గాని, ఎవల్నన్న అడుగుతడని..."

ఠంగుమని చప్పుడైంది. కాటమయ్య చేతిలోంచి అచ్చు జారి బండ మీద పడింది.

"తెల్లనూలా?" అన్నాడు ఆయన. "మెడ సుట్టు తిప్పి, ఎడమ భుజం మీదికి? గడ్డం మాసి ఉంటడు, మనిషి జర వంగి నడుస్తడు?"

"ఏడ చూసినవు మామా?" సిద్దిరాములు లేచి నిలబడ్డాడు.

"పొద్దున. షెడ్డు గేటు కాడ." కాటమయ్య ఎవరి ముఖమూ చూడలేకపోతున్నాడు. "ఇక్కడ పనిల పోయినోళ్లను ఏడ కాలుస్తరయ్యా అని అడిగిండు. నేను... ఏటి ఒడ్డుకు, బండల అవతల అని చెయ్యి చూపెట్టిన. ఎవరు పోయిండ్రు పెద్దమనిషీ అని అడుగుదామని నోటిదాక వచ్చింది. గంతల కొలిమిల ఇనుము ఎర్రబడ్డది. అచ్చు కాలిపోతదేమోనని లోపలికి ఉరికిన."

ఆయన కిందికి చూశాడు. అందరూ చూశారు. బండ మీద మొగ్గ అచ్చు, కొత్త పదునుతో తళతళ మెరుస్తూ, బోర్లా పడి ఉంది.

సిద్దిరాములు అప్పటికే ఇంట్లో లేడు. సైకిలును వాకిట్లోనే వదిలేసి, బండల వైపు కాలినడకన పరుగెత్తుతున్నాడు. ఆ తొవ్వన సైకిలు పోదు. అతని వెనక పర్వతాలు, ఆ వెనక కొంగు నడుముకు చుట్టుకొని మల్లమ్మ. నర్సమ్మ గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వచ్చి, దండెం మీది దుప్పటి లాగి నలభైరెండు కార్డుల మీదా కప్పింది. ఏం చేసిందో, కప్పిన తర్వాత గానీ ఆమెకు తెలియలేదు. అప్పుడు ఆమె కూడా పరుగు అందుకుంది.

బండల దగ్గరి నుంచి గాలి ఎదురు వీస్తోంది. "అన్నా!" అని సిద్దిరాములు వేసిన కేక ఏటి వైపు పోకుండా కాలనీ వైపే కొట్టుకొచ్చింది.

చదువరులారా, ఒక్క మనవి. మీ ఇండ్లలో మీ పనులు మీకుంటాయి. కార్డులు ఇంజనీరమ్మకు అందాయా లేదా అన్నది మీరు మరిచిపోయినా ఫరవాలేదు. భుజాన తెల్లనూలు వేసుకొని, దారి అడుగుతూ ఏటి ఒడ్డుకు నడుస్తున్న గండయ్యను మాత్రం గుర్తుంచుకోండి. ఆయన తమ్ముడు బతికే ఉన్నాడు. అది నాకు తెలుసు, మీకు తెలుసు. తెలియనిది ఆయన ఒక్కడికే.